మామయ్య మ్యాజిక్ ట్రంకు పెట్టె నాకు వచ్చింది: ఏది దాచాలి, ఏది వాడాలి?

గోదారిగట్టు (రాజమండ్రి):

అందరికీ నమస్తే అండి. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా మేనమామ గారు ఉద్యోగం చేసుకుంటూనే 1970ల నుంచి సుమారు పాతికేళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో మ్యాజిక్ షోలు చేసేవారు. స్కూలు వార్షికోత్సవాలు, వినాయక చవితి పందిళ్లు, అప్పుడప్పుడు పెళ్లిళ్లు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. కిందటి నెల అత్తయ్య ఇల్లు మారుతూ అటక మీదున్న రేకు ట్రంకు పెట్టె నాకిచ్చేసింది, "నీకే కదరా ఈ పిచ్చి, నువ్వే తీసుకో" అని.

అందులో ఉన్నవి: పైన గుబ్బ ఉన్న ఇత్తడి కప్పులు మూడు, ఎంత వంచి ఖాళీ చేసినా మళ్లీ నీళ్లొచ్చే చెంబు, ఎనిమిది స్టీలు రింగులు, పిడి ఉన్న గుడ్డ సంచి, ఒక చెక్క సొరుగు పెట్టె (ఎంత లాగినా తెరుచుకోవట్లేదు), సిల్కు రుమాళ్లు ఒక కట్ట, పాత పేక దస్తాలు పదకొండు, ఏమిటో అర్థం కాని రేకు గొట్టాలు నాలుగు. పుస్తకాల్లో టార్బెల్ కోర్సు సంపుటాలు మూడు, అట్ట ఊడిపోయిన హాఫ్‌మన్ పుస్తకం ఒకటి, మామయ్య చేత్తో తెలుగులో రాసుకున్న నోటు పుస్తకాలు రెండు. అడుగున ఆయన షోల కరపత్రాలు, గులాబీ రంగు కాగితం మీద అచ్చేసినవి.

నేను కూడా నాలుగేళ్లుగా ఆన్‌లైన్‌లో ట్రిక్కులు కొంటున్నాను. లెక్క వేస్తే అరవై వేలు దాటింది. ఒకసారి విప్పి, గిమ్మిక్ (ట్రిక్కు వెనకున్న రహస్య సాధనం) చూసి, పెట్టెలో పడేసినవే ఎక్కువ. ఈ ట్రంకు తెరిచాక మాత్రం వారం రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

టెన్షన్ ఏమిటంటే, నేను ఆఫీసుకి వెళ్లినప్పుడు అమ్మ మంచి ఉద్దేశంతోనే ఒక కప్పు తీసి చింతపండు పెట్టి తోమేసింది. అది బంగారంలా మెరుస్తోంది, మిగతా రెండూ నల్లగా ఉన్నాయి. వాటినీ తోమించాలా? పుస్తకాల్లో సన్నటి మెరిసే పురుగులు తిరుగుతున్నాయి, ఎండలో పెట్టొచ్చా? పాత ఎడిషన్లు వెతికి సెట్లు పూర్తి చేయడం మంచిదా, రీప్రింట్లు చాలా? ఇవన్నీ వాడుతూ ఉండాలా, అద్దాల బీరువాలో పెట్టేయాలా? మా తొమ్మిదేళ్ల వాడు రోజూ ఆ చెంబు అడుగుతున్నాడు.

ఇత్తడిచెంబు (విజయవాడ):

ముందు ఆ రెండు కప్పులూ అమ్మగారికి దొరక్కుండా పైన పెట్టండి. ఇంట్లో బిందెలు, దీపపు కుందులు తోమినట్టు వీటిని తోమకూడదు. చింతపండులో పులుపు మురికితో పాటు ఏళ్ల తరబడి లోహం మీద ఏర్పడిన పై పొరను కూడా తినేస్తుంది, సన్నగా చెక్కిన గీతలుంటే అవీ అరిగిపోతాయి. ఆ ముదురు రంగు చూసే మాలాంటి వాళ్లం వస్తువు వయసు అంచనా వేస్తాం. తోమేసిన కప్పుకి ఇప్పుడు చేయగలిగింది ఒక్కటే, పులుపు మిగలకుండా మంచి నీళ్లతో బాగా కడిగి, గుడ్డతో ఒత్తి, లోపల కూడా పూర్తిగా ఆరాక పక్కన పెట్టడం. కొన్నేళ్లకి అదే రంగు తిరుగుతుంది. మిగతా రెంటికీ జోడు కలపాలని వాటినీ తోమితే మూడూ పోయినట్టే. పచ్చటి చిలుము పొడిలా కనిపిస్తే మాత్రం మెత్తటి బ్రష్‌తో పొడిగానే దులపండి.

ఆ గుబ్బ గురించి చెప్పాలి, ఎందుకంటే మీ దగ్గరున్న వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. విదేశీ కప్పులు ఒకదాని మీద ఒకటి దొంతరగా కూర్చుంటాయి, వాళ్ల ఆటలో సగం ఆ దొంతర మీదే నడుస్తుంది. మన కప్పుకి పైన గుబ్బ ఉంటుంది కాబట్టి అలా పేర్చడం కుదరదు. మన గారడీవాడు బల్ల ముందు నిలబడడు, నేల మీద గుడ్డ పరుచుకుని కూర్చుంటాడు, చుట్టూ జనం. గుబ్బని రెండు వేళ్ల మధ్య పట్టుకుని కప్పు లేపుతాడు, అరచెయ్యి ఖాళీగా ఉంటుంది. ఆ అరచేతిలో ఏం జరుగుతుందో ఇక్కడ రాయను, మీకు తెలిసే ఉంటుంది. కప్పు ఆకారమే ఆ కూర్చునే పద్ధతి నుంచి వచ్చింది. అందుకే కప్పులతో పాటు, వాటి కింద మాయం చేసి చూపించే గుడ్డ ఉండలు ఉన్నాయేమో ట్రంకులో మళ్లీ వెతకండి. చింపిరి గుడ్డ ముక్కల్లా కనిపిస్తాయి, చాలా ఇళ్లలో చెత్త అనుకుని ఊడ్చేస్తారు.

చెంబు సంగతి. బెంగాలీ మెజీషియన్ పి.సి. సర్కార్ (1913–1971) షోలో ఒక ఐటమ్‌కీ ఇంకో ఐటమ్‌కీ మధ్య 'వాటర్ ఆఫ్ ఇండియా' అంటూ పదే పదే వంచింది ఇలాంటి పాత్రనే. విదేశాల్లో కూడా దీన్ని 'లోటా' (హిందీలో చెంబు) అనే పిలుస్తారు, మన చెంబు పేరుతోనే ప్రపంచమంతా తిరిగిన వస్తువు ఇది. ఆడాక లోపల నీళ్లు ఉంచేయడమే దీనికి పెద్ద శత్రువు. లోపలి గోడల మధ్య తడి నిలిచిపోతే చిలుము పట్టి అతుకు దగ్గర కారడం మొదలవుతుంది. ఆడితే బోర్లించి, రెండు రోజులు గాలి తగిలేలా పెట్టండి.

ఇక అన్నిటికంటే ముందు చేయాల్సింది, ఇంకేదీ ముట్టుకోకుండా ట్రంకులో ఏది ఎక్కడ ఉందో ఫోటోలు తీయడం. ఏ గొట్టంలో ఏ రుమాలు ఉందో, ఏ సంచిలో ఏ దస్తా ఉందో, అదంతా ఆయన షో వరుసే. ఆ రేకు గొట్టాలు ఒకదానిలో ఒకటి దూరేవి కావచ్చు, విడివిడిగా పెడితే రేపు ఏది దేని జత అని ఎవరూ చెప్పలేరు. రబ్బరు బ్యాండ్లు ఉంటే ఇవాళే తీసేయండి, అవి కరిగి ఇత్తడి మీద, పేకల మీద మచ్చలు వేస్తాయి. న్యూస్ పేపర్లో చుట్టొద్దు. గంజి పెట్టని, బాగా ఉతికిన పాత నూలు చీర ముక్కలు చాలు.

సొరుగు పెట్టెని బలవంతంగా లాగొద్దు, మేకులు అసలే పీకొద్దు. అది పాడైందని ఇప్పుడే అనుకోకండి.

అట్టపెట్టె (హైదరాబాద్):

పుస్తకాల గురించి నేను చెప్తాను, నా సేకరణ అంతా పుస్తకాలే, ప్రాప్స్ రెండో మూడో ఉన్నాయి.

ఎండలో వద్దు. మన ఇళ్లలో అది అలవాటే కానీ పాత కాగితం ఎండకి పెళుసెక్కి మడత దగ్గర విరుగుతుంది. ఆ మెరిసే పురుగులు సిల్వర్ ఫిష్, అట్టకి వేసిన గోందు, పిండి జిగురు తింటాయి. ఒక్కో పుస్తకాన్ని గాలి దూరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకూడదు, ఒక రోజంతా గదిలో అలాగే వదిలేస్తే చెమ్మ సంచి మీద పడుతుంది, పుస్తకం మీద పడదు. తర్వాత మెత్తటి బ్రష్‌తో ప్రతి పేజీ మొదలు దగ్గర దులపండి. కలరా ఉండలు పుస్తకాల మధ్య పెట్టొద్దు. ఊడిన అట్టకి సెల్లోటేప్ వేయొద్దు, నేను కుర్రతనంలో వేసిన టేప్ ఇప్పుడు గోధుమ రంగు మచ్చగా మారి అక్షరాలను కూడా లాగేసింది. ఒక తెల్ల కాగితంలో చుట్టి పెట్టండి చాలు.

టార్బెల్ గురించి. 1926లో షికాగో నుంచి పోస్టులో పాఠాలుగా మొదలైన కోర్సు అది, హార్లన్ టార్బెల్ రాసి బొమ్మలు కూడా ఆయనే వేశాడు. తర్వాత పుస్తకాలుగా ఎనిమిది సంపుటాలయ్యాయి. సెట్ పూర్తి చేయాలని మిగతా ఐదూ వెంటనే కొనేయకండి. ముందు మీ మామయ్య గారి మూడింటిలో అంచుల్లో ఆయన రాసుకున్నవి ఉన్నాయేమో చూడండి. పెన్సిల్ గీతలు ఉన్న పుస్తకం విలువ తక్కువ అంటారు కొందరు, ఒక ఆడే మనిషి పుస్తకానికి ఆ లెక్క వర్తించదని నా గట్టి అభిప్రాయం. ఏ ట్రిక్కు దగ్గర ఎక్కువ గీశాడో చూస్తే ఆయన షోలో ఏముండేదో తెలిసిపోతుంది.

హాఫ్‌మన్‌ది 'మోడరన్ మ్యాజిక్' అయితే మొదట వచ్చింది 1876లో. ఆయన అసలు పేరు ఏంజెలో లూయిస్, లండన్‌లో లాయరు. అంతకుముందు రహస్యాలు ఎక్కువగా గురువు నోటి నుంచి శిష్యుడికి వెళ్లేవి, ఈ పుస్తకంతో ఇంగ్లీషు చదవగలిగిన ఎవడైనా ఇంట్లో కూర్చుని నేర్చుకునే దారి దొరికింది. మీది ఏ ఏడాది ముద్రణో టైటిల్ పేజీ ఫోటో పెడితే చూస్తాను. అది చాలాసార్లు అచ్చయింది, కాబట్టి పాతగా కనిపిస్తే చాలు మొదటి ముద్రణ అనుకోకూడదు.

కొనడం సంగతికొస్తే నేను రెండు రకాలుగా చూస్తాను. చదవడానికి రీప్రింట్, దాచడానికి నాకు నిజంగా సంబంధం ఉన్న పాత పుస్తకం. బోబో నాణేల పుస్తకం (1952), ఎర్డ్‌నేస్ పేకల పుస్తకం (1902) డోవర్ అనే ప్రచురణ సంస్థ వాళ్ల చవక ముద్రణల్లో ఉన్నాయి, అవి చదివి నలిగిపోయినా బాధ లేదు. 1584లో రెజినాల్డ్ స్కాట్ రాసిన పుస్తకం కూడా డోవర్ వేసింది. మంత్రగత్తెలని చెప్పి జనాన్ని చంపుతున్న రోజుల్లో ఇవన్నీ చేతి పనితనమే అని చూపించడానికి ఆయన కొన్ని ట్రిక్కుల గుట్టు అందులో విప్పాడు. ఎర్డ్‌నేస్ అనేది మారుపేరు, ఆయన అసలు ఎవరో ఇప్పటికీ తేలలేదు, ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే పుస్తకాలు సేకరించే వాళ్లున్నారు. స్కాట్, ఎర్డ్‌నేస్ పుస్తకాలు కాపీరైట్ దాటిపోయిన పాతవి, ఇంటర్నెట్‌లో ఉచితంగానూ చదవొచ్చు.

ఫ్రెంచ్ మెజీషియన్ రాబర్ట్ హుడిన్ అయితే తన జీవిత కథలో ఒక సంగతి చెప్పుకున్నాడు. గడియారాల పని నేర్చుకోవడానికి పుస్తకం కొనబోతే షాపులో పొరపాటున మ్యాజిక్ ఉన్న సంపుటాలు కట్టిచ్చారట, ఇంటికెళ్లి చూసుకుని తిరిగివ్వకుండా ఉంచేసుకున్నాడు. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు నాకు ప్రతిసారీ అదే గుర్తొస్తుంది.

ఇంకొక్కటి, తెలుగులో వచ్చిన చిన్న చిన్న మ్యాజిక్ పుస్తకాలు కనిపిస్తే వదలొద్దు. బి.వి. పట్టాభిరామ్ గారి లాంటి వాళ్లు తెలుగులో రాసినవి, రైల్వే స్టేషన్ బుక్ స్టాళ్లలో అమ్మిన పేకముక్కల గారడీల పుస్తకాలు, పిల్లల పత్రికల్లో వచ్చిన మ్యాజిక్ పేజీలు. ఇంగ్లీషు పుస్తకాలను లైబ్రరీలు దాస్తాయి, హూడినీ పుస్తకాలే సుమారు నాలుగు వేలు 1927లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరాయి. మన తెలుగువి తూకానికి పోతున్నాయి.

ఆ రెండు నోటు పుస్తకాలూ ఈ వారంలోనే స్కాన్ చేయండి. ట్రంకు మొత్తంలో మళ్లీ దొరకనివి అవే.

తాడుగారడీ (షికాగో దగ్గర):

నేను సేకరించేది కాగితాలే, పోస్టర్లు, కరపత్రాలు, పాత పత్రికల కటింగ్‌లు. అందులోనూ మన గారడీవాళ్ల గురించి విదేశాల్లో అచ్చయినవి. కాబట్టి ఆ గులాబీ కరపత్రాల మాట చదవగానే ఆగలేకపోయాను.

నేను ఈ దారిలోకి రావడానికి కారణం ఇక్కడి పాత వార్తే. 1890 ఆగస్టులో షికాగో ట్రిబ్యూన్ ఒక కథనం వేసింది, ఇండియాలో ఫకీరు తాడు పైకి విసిరితే అది నిలబడిందని, కుర్రాడు ఎక్కి మాయమయ్యాడని. కొన్ని నెలలకి అది కల్పితమని ఆ పత్రికే ఒప్పుకుంది, కానీ అప్పటికే ప్రపంచమంతా పాకిపోయింది. రాసిన జాన్ విల్కీ తర్వాత అమెరికా సీక్రెట్ సర్వీస్‌కి అధిపతి అయ్యాడు. 1934లో లండన్ మెజీషియన్ల సంఘం మ్యాజిక్ సర్కిల్ వాళ్ల కమిటీ ఆ తాడు ట్రిక్కు చేసి చూపిస్తే 500 గినీలు ఇస్తామంది, గెలుచుకున్నవాడు లేడు.

ఇక్కడి మిత్రులకి ఇది చెప్తున్నప్పుడల్లా కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో ఐంద్రజాలికుడి కథ చెప్తాను. భార్యను రాజు దగ్గర వదిలి యుద్ధానికని ఆకాశానికి వెళ్తాడు, కాళ్లు చేతులు తెగి కింద పడతాయి, ఆమె అగ్నిలో దూకుతుంది, తర్వాత వాడు నవ్వుతూ వచ్చి నా భార్య ఏది అని అడుగుతాడు. పదిహేనో శతాబ్దపు తెలుగు కావ్యం అంటే వాళ్లు నోరు తెరుస్తారు. విజయనగర కాలం శాసనాల్లో కనిపించే మన విప్రవినోదుల (గారడీ చేసే బ్రాహ్మణుల) సంగతి చెప్తే ఇంకా. ఈ విద్య మన వైపు అంత పాతది, అయినా మనవాళ్ల షో కాగితం ఒక్కటి సంపాదించడం ఎంత కష్టమో చెప్పలేను. మద్రాసు వైపు నుంచి వెళ్లిన రామో సమీ (రామస్వామి అయి ఉండాలి) 1810ల నుంచి ఇంగ్లండులో కత్తులు మింగుతూ, కప్పులు ఆడుతూ పేరు తెచ్చుకుని 1850లో పేదవాడిగా పోయాడు. ఆయన పేరైనా మనకి దక్కిందంటే ఆనాటి ఇంగ్లీషు పత్రికలు, ప్లే బిల్లులు (ప్రదర్శనల ప్రకటన కాగితాలు) ఎవరో దాచబట్టే. ఊళ్లలో తిరిగిన మన వాళ్ల పేర్లు ఏ కాగితం మీదా లేవు.

అందుకే ఆ కరపత్రాలు చదునుగా, మడత లేకుండా, ఒక్కోదాని మధ్య తెల్ల కాగితం పెట్టి దాచండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు, దయచేసి. వేడికి రంగు మారుతుంది, మళ్లీ విప్పడం కుదరదు. వెనక వైపు కూడా స్కాన్ చేయండి, లెక్కలో, ఎవరి చిరునామానో రాసుంటుంది.

పాత పోస్టర్లు కొనాలనిపిస్తే తొందరపడొద్దు. ఆన్‌లైన్‌లో 'పాత పోస్టర్' అని అమ్మేవాటిలో చాలావరకు ఈమధ్య ప్రింట్ తీసినవే. పాత రాతి అచ్చులో రంగు భూతద్దం కింద గింజలు గింజలుగా, క్రమం లేకుండా కనిపిస్తుంది, కొత్తవాటిలో వరుసగా చుక్కలుంటాయి. నాకు ఒకసారి మోసం జరిగింది, అప్పటి నుంచి భూతద్దంలో తీసిన ఫోటో అడగకుండా డబ్బు కట్టను. షికాగోలో మ్యాజిక్ సామాను వేలంపాటలు వేసే పాటర్ అండ్ పాటర్ పాత కేటలాగులు తిరగేస్తే ఏది అరుదో, ఏది మామూలో కళ్లకి అలవాటవుతుంది. కొనకపోయినా అది మంచి చదువు.

రుమాలుఅక్క (విశాఖపట్నం):

నేను పిల్లలకి షోలు చేస్తాను, సేకరించేదాన్ని కాదు, కాబట్టి పై వాళ్లతో ఒక్క విషయంలో ఒప్పుకోను. అన్నీ చుట్టి దాచేయమంటే ఎలా? రింగులు స్టీలువి, వాటికి ఏమీ కాదు, మీ వాడి చేతికి ఇవ్వండి. చెంబు కూడా ఇత్తడిచెంబు గారు చెప్పినట్టు ఆరబెట్టుకుంటూ ఆడించండి. ఇంట్లో నలుగురి ముందు ఆడని చెంబు చివరికి మళ్లీ అటకెక్కుతుంది, నేను ఎన్నో చూశాను.

పాత సిల్కులతో మాత్రం ఆడొద్దు. మడత దగ్గర పట్టు చీలిపోతుంది, ముడి వేస్తే పుట్టుక్కుమంటుంది. మడత మార్చి మార్చి పెట్టండి, లేదా గుండ్రంగా చుట్టండి. ఆటకి కొత్తవి కొనుక్కోండి.

మీరు కొనే ట్రిక్కుల గురించి, ఏమీ అనుకోకండి, ఆరు నెలలు ఏదీ కొనొద్దు. డబ్బు పెట్టి రహస్యం తెలుసుకున్న క్షణంలో సంతోషం ఉంటుంది, పది నిమిషాల్లో పోతుంది. ఆ అరవై వేల సామాను బల్ల మీద పరిచి, రెండు నిమిషాలు ఒకరి ముందు చేయగలిగినవి ఒక పక్క పెట్టండి. మిగతావి నేర్చుకునే కుర్రాళ్లకి ఇచ్చేయండి లేదా అమ్మేయండి. కొన్నప్పుడు కూడా కనిపెట్టిన వాళ్ల దగ్గరో, వాళ్లు అనుమతి ఇచ్చిన షాపులోనో కొనండి, నకలు సామాను సగం ధరకి వస్తుంది కానీ ఆ మనిషి ఏళ్ల కష్టం అది.

చివరగా ఒకటి అడుగుతాను. ఇంతమందిమి ఇన్ని రాశాం, మీ అత్తయ్య గారిని అడిగారా? ఆ రోజుల్లో చాలామందికి భార్యే అసిస్టెంటు.

గోదారిగట్టు (రాజమండ్రి):

అందరికీ చాలా థాంక్స్ అండి. వారం తర్వాత రాస్తున్నాను. ఫోటోలు 140 దాకా తీశాను, నోటు పుస్తకాలు స్కాన్ అయిపోయాయి, పుస్తకాలు ఫ్రీజర్లో ఉన్నాయి (మా ఆవిడ ఒక అర ఖాళీ చేసి ఇచ్చింది). గుడ్డ ఉండలు దొరికాయి, నాలుగు, సంచి మూల కుట్టులో ఉన్నాయి. ఎర్రవి, లోపల గట్టిగా దారం చుట్టి కుట్టినవి.

రుమాలుఅక్క గారూ, మీ మాట చదివి ఆదివారం ట్రంకు కారులో వేసుకుని అత్తయ్య కొత్త ఇంటికి వెళ్లాను. నాకు ఇన్నేళ్లూ తెలియదు, మొదటి పదేళ్లు ఆవిడే స్టేజి వెనక ఉండి సామాను అందించేదట, మా బావ పుట్టాక మానేసిందట. నోటు పుస్తకంలో ప్రతి షో దగ్గరా ఊరి పేరు, తారీఖు, ఇచ్చిన డబ్బు రాసి ఉంది, కొన్నిచోట్ల దస్తూరీ వేరు. అది ఆవిడదే. మామయ్య అలసిపోయి పడుకుంటే తను రాసేదట. ఆ రేకు గొట్టాలు నాలుగూ ఏ వరుసలో పెట్టాలో అడగకముందే పెట్టేసింది.

సొరుగు పెట్టె చేతికి ఇస్తే కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. "లాగకూడదురా, ముందు వెనక్కి వంచాలి" అని అడుగున వేలు పెట్టి ఇలా అంది, సొరుగు మెత్తగా బయటికొచ్చింది. ఖాళీ. మూసి మళ్లీ లాగింది, అందులో ఎర్ర సిల్కు రుమాలు. ఆఖరి షోకి తనే సర్దిపెట్టిందట, ఆ వేళ వాన పడి షో ఆగిపోయిందట. ఆవిడ అది తీయలేదు, నేనూ తీయలేదు, మూసేసి తెచ్చాను.

ఇత్తడిచెంబు గారూ, ఆ రుమాలు అలాగే లోపల ఉంచితే పెట్టెకి ఏమైనా అవుతుందా?

ఇత్తడిచెంబు (విజయవాడ):

చెమ్మ తగిలితే ఎర్ర రంగు చెక్కకి అంటుకుంటుంది అండి. అత్తయ్య గారి చేతే తీయించండి, తీసేటప్పుడు ఏ మడతలో ఉందో ఫోటో తీసుకోండి, దాని స్థానంలో అదే కొలతలో తెల్ల నూలు గుడ్డ పెట్టండి. ఆవిడ ఆ పెట్టె ఆడించడం ఒక వీడియో కూడా తీయండి. ఇక్కడ పెట్టొద్దు, మీ ఇంట్లో ఉంచుకోండి.